ఆమెన్ దాకా ఆగాల్సింది

మా చిన్నప్పుడు... సాయంత్రం ఇంట్లో ప్రార్థనకి కూర్చోవాలంటే రెండు సిద్ధంగా ఉండాలి. నాన్న చేతిలో బైబిలు, అమ్మ చేతిలో పండు మిరపకాయ.

మిరపకాయ మా చిట్టి కోసం. చిట్టి అంటే చిలుక. గాలివానకి తాటిచెట్టు తొర్రలోంచి పడిపోతే మా బాబాయి తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. చిలకల్ని అలా పెంచుకోకూడదని అప్పట్లో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు... వసారాలో దూలానికి పంజరం కట్టాం.

పగలంతా బుద్ధిగానే ఉండేది. మేం కళ్ళు మూసుకోవడమే ఆలస్యం, చెవులు చిల్లులు పడేలా అరుపు. అమ్మ ఒక కన్ను తెరిచి, మోకాళ్ళ మీదే జరుగుతూ వెళ్ళి దాని నోటికి మిరపకాయ అందించేది. నమలడంలో పడి ఊరుకునేది. అయిపోగానే మళ్ళీ అరుపు, మళ్ళీ కాయ... మా ఊళ్ళో మిరపకాయలకి కరువా! కొన్నాళ్ళకి నాన్న బైబిలు తీస్తుంటేనే మొదలెట్టేది. కసిరితే వేలు కొరికేది.

నాన్న బళ్ళో పంతులుగారు, పైగా సంఘ పెద్ద. ఒక ఆదివారం చెప్పేశారు.

"పై శనివారం మనింట్లో ప్రార్థన కూటం. పాస్టరు అయ్యగారొస్తున్నారు. ఆయన ముందుగానీ ఇది నోరెత్తిందా, మర్నాడే మీ బాబాయి బండి మీద పేట పంపించేస్తా. మిల్లులో మిషన్ల మోతకి దీని అరుపు ఎవరికీ వినపడదు."

బాబాయి చిలకలూరిపేటలో పత్తి మిల్లులో పనిచేసేవాడు. నాన్న అన్నారంటే చేస్తారు. ఆరు రోజులే గడువు... నాకు అన్నం సయించలేదు. బళ్ళో కూర్చున్నా చెవులు ఇంటి దగ్గరే.

మా నాయనమ్మ మిరప కల్లంలో కాయలు ఏరడానికి వెళ్ళేది. సోమవారం పని నుంచి వచ్చి, మంట పుట్టే చేతులకి మజ్జిగ రాసుకుంటూ నా మొహం చూసి అడిగింది.

"ఏమే, దీన్ని ఎవరు పాడు చేశారనుకున్నావ్? మనమే. అరిస్తే పరిగెత్తుకెళ్ళి కాయ పెడుతున్నాం. నోరు మూసుకు కూర్చున్నప్పుడు దాని మొహం ఎవరన్నా చూశారా?"

అంతే... ఆ సాయంత్రం నుంచి కొత్త పద్ధతి. అరిస్తే ఎవరూ తల తిప్పకూడదు. ఊపిరి తీసుకోడానికి ఆగినా సరే, వెంటనే చిన్న ముక్క పెట్టాలి. ఆ ముక్క పెట్టే పని నాది.

మొదటి రెండు రోజులూ నరకం. ఇదివరకటి కన్నా రెట్టింపు అరిచింది, పంజరం ఊచలు పట్టుకుని ఊగింది. ఇది మారదని అమ్మ రెండు చేతులూ ఎత్తేసింది. "అలవాటు పోయే ముందు అట్టాగే ఎగురుద్ది, ఓర్చుకోండి" అంది నాయనమ్మ. బుధవారానికి అరుపు సగమైంది. గురువారం మధ్యలో ఒక్కసారే కీచుమంది. శుక్రవారం... నమ్మండి, తల పక్కకి వంచి మమ్మల్నే చూస్తూ కూర్చుంది. ఆమెన్ అనగానే కాయ. నాన్న కూడా పంజరం వైపు చూసి మీసాల్లో నవ్వుకున్నారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

శనివారం అయ్యగారు వచ్చారు. గుమ్మం నిండా చెప్పులు, వసారా నిండా చాపలు. ప్రార్థన మొదలైంది. చిట్టి బుద్ధిగా తల వంచింది. నేను కాయ పట్టుకుని దాని పక్కనే.

మేం చేసిన పొరపాటు అప్పుడు తెలిసొచ్చింది. చిట్టి నేర్చుకుంది నాన్న ప్రార్థన. ఐదు నిమిషాల్లో అయిపోతుంది. అయ్యగారు ఊళ్ళో జబ్బు పడ్డవాళ్ళందరినీ పేరుపేరునా తలుచుకుని, వాన దగ్గరికొచ్చి, పత్తికి పట్టిన పురుగు దగ్గరికొచ్చి... ఆమెన్ మాత్రం రావట్లేదు. చిట్టి ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదకి మారుతోంది. నేనూ అంతే.

ఒక్క అరుపు అరిచింది.

నాయనమ్మ వెనక చాప మీద నుంచి వద్దన్నట్టు తల ఊపింది. నాకు తెలుసు, ఆగాలి. కానీ నాన్న కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నారు. చెయ్యి దానంతటదే వెళ్ళి చిట్టి నోటికి కాయ అందించింది.

కాయ అయిపోయింది. ఇక చూస్కోండి... ఆమెన్ దాకా అరుస్తూనే ఉంది. జనం నవ్వారు, అయ్యగారు కూడా నవ్వేశారు. నాన్న నవ్వలేదు.

మర్నాడు గుడిలో ఆరాధన అయ్యాక బాబాయి బండి వెనక పంజరం కట్టుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం ప్రార్థనలో అమ్మ చెయ్యి అలవాటుగా మిరపకాయ కోసం తడుముకుంది. నేను ఏడుస్తూనే ఆమెన్ అన్నాను.

రెండు నెలల తర్వాత బాబాయికి క్యారేజీ ఇవ్వడానికి అమ్మతో మిల్లుకి వెళ్ళాను. దూది రేణువుల మధ్య వాచ్‌మన్ గది బయట వేలాడుతోంది చిట్టి. గుండె మీద ఈకలన్నీ తనే పీక్కుంది. నన్ను చూసినా నోరు తెరవలేదు.

"మంచిదైపోయిందమ్మా, ఇప్పుడు అసలు అరవట్లేదు" అన్నాడు వాచ్‌మన్ సంతోషంగా.

ఆ ఒక్క నిమిషం ఓర్చుకుని ఉంటే... అని ఇన్నేళ్ళ తర్వాత కూడా లోపల కెలుకుతూనే ఉంటుంది.

ఇప్పుడు మంగళగిరిలో మా ఫ్లాట్‌లో చిలకా లేదు, కల్లమూ లేదు. ఇద్దరు ఆడపిల్లలు. నిన్న సాయంత్రం పెద్దది గోల పెడితే ఎప్పటిలాగే చేతిలో ఫోన్ పెట్టేశాను, ఇల్లు చల్లబడింది. చిన్నది ఏ గొడవా లేకుండా బాల్కనీలో ఒక్కతే కూర్చుని ఉంది. "మా చిన్నది చాలా మంచిదండీ, అసలు అల్లరే చెయ్యదు" అని అందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని... నిన్న మిల్లు వాచ్‌మన్ మాట గుర్తొచ్చింది. వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి నా ఒళ్ళో తల పెట్టింది.

మీ ఇంట్లో అరవకుండా కూర్చున్నది ఎవరు? ఒకసారి వెళ్ళి మొహం చూసి రండి... కామెంట్ తర్వాత పెడుదురు గాని.