వేడి తెలియని చేయి

వెంకటరాయప్పకు ఎవరి మాటా నమ్మబుద్ధి అయ్యేది కాదు. స్వభావమూ అదే, ఉద్యోగమూ అదే. చిక్కపేటలో రామాంజినప్ప అనే ఆయనకు పట్టుచీరల టోకు అంగడి ఉంది. ఊళ్ల నుంచి మూటల్లో వచ్చే చీరల్లో ఏది అసలు పట్టు, దేంట్లో కృత్రిమ దారం కలిపారు అని తేల్చడం వెంకటరాయప్ప పని. అతనిది ఎడమచేతి వాటం. చీర కొంగును ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, కళ్లు సగం మూసుకుని మెల్లగా నలిపేవాడు. చీర తెచ్చినవాళ్లు ఎన్ని ఒట్లు పెట్టుకున్నా తలెత్తేవాడు కాదు.

"మీరు చెప్పేది నాకెందుకప్పా? నా వేళ్లు చెప్తాయి కదా" అనేవాడు.

వయసు నలభై ఏడు. భార్య అంబికతో కె.ఆర్.పురంలో కాపురం. రోజూ మెట్రో ఎక్కి మెజెస్టిక్‌లో రైలు మారి అంగడికి చేరేవాడు. దగ్గినప్పుడల్లా తల వెనక పోటు వచ్చేది. మెడ పట్టేసేది. కింద కూర్చుని చేసే పని కదా, అందుకేలే అనుకునేవాడు.

మొదటి అనుమానం టీ మీద వచ్చింది. చిక్కపేట సందుల్లో అంగడి అంగడికీ టీ తెచ్చిచ్చే చిన్నప్ప ఒక వానరోజు స్టీలు గ్లాసు అతని ముందు పెట్టాడు. మిగతావాళ్లు గ్లాసు అంచు పట్టుకుని ఊదుకుంటున్నారు. వెంకటరాయప్ప గ్లాసును పిడికిలి నిండా పట్టుకున్నాడు. గోరువెచ్చగా కూడా లేదు.

"ఏమప్పా చిన్నప్పా, పొద్దున కాచిన టీనా ఇది?" అంటూ గుటకేశాడు. నాలుక చురుక్కుమని కాలింది.

గ్లాసును తిప్పి తిప్పి చూశాడు. పట్టుకుంటే చల్లగా ఉంది, తాగితే కాలుతోంది. గ్లాసులోనే ఏదో మోసం ఉందనుకున్నాడు. "గ్లాసులు మార్చినావా? దీనికి రెండు పొరలు పెట్టి టీ తక్కువ పట్టేట్టు చేయించినావు కదా?"

చిన్నప్ప నవ్వాడు. "నా దగ్గర ఉండేది పాత గ్లాసులేనప్పా."

ఆ నవ్వు కూడా వెంకటరాయప్పకు నచ్చలేదు.

తరవాత ఇంట్లో మొదలైంది. అంబిక స్నానానికి నీళ్లు తోడితే బకెట్లో ఎడమచేయి పెట్టి, "గీజరు ఆపేసినావా? చల్లగా ఉండాయి" అని కసిరి, వేడినీళ్లు ఇంకా కలుపుకున్నాడు. చెంబెడు కాళ్ల మీద పోసుకోగానే కేకపెట్టి గోడకు కరుచుకుపోయాడు. అంబిక పరుగెత్తుకొచ్చింది. నీళ్లు పొగలు కక్కుతున్నాయి. గీజరు బాగుచేసినవాడు ఏదో తిరకాసు చేసిపోయాడని వెంకటరాయప్ప ఆ రోజంతా తిట్టాడు. ఈయన దొంగచాటుగా తాగుతున్నాడేమోనని అంబికకు అనుమానం. అతను నిద్రపోయాక దగ్గరగా వెళ్లి వాసన చూసేది.

ఒక ఆదివారం పొద్దున అతని ఎడమ ముంజేతి మీద అరచెయ్యంత బొబ్బ కనబడింది. నొప్పి లేదు. ఎప్పుడు వచ్చిందో తెలియదు. మనిషి ఒళ్లు కాలితే మనిషికి తెలియకుండా ఉంటుందా? బొబ్బను చాలాసేపు చూసి, వంటింట్లోకి వెళ్లాడు.

"నేను పండుకున్నప్పుడు ఎవరైనా ఇంట్లోకి వచ్చినారా?"

"ఎవరు వస్తారు?"

"మరి ఇదేంది? నువ్వేమన్నా పూసినావా? ఎవరన్నా ఏమన్నా ఇచ్చి చేయమన్నారా?"

అంబిక చేతిలోని గరిటె కింద పెట్టేసింది. "ఏం మాట్లాడతా ఉండారు మీరు? ఇరవై ఏండ్లు కాపురం చేసినాక నా మీదనా? రాత్రి చొక్కా ఇస్త్రీ చేసుకుంటా టీవీ చూసినారు కదా, పెట్టె మీద చేయి ఆనించినారేమో చూసుకోండి."

"ఆనిస్తే నాకు తెలీదా?" అన్నాడతను. ఆమె గరిటె మళ్లీ చేతికి తీసుకుంది.

ఇవన్నీ అతనికి విడివిడిగా కనిపించాయి. టీ వాడు, గీజరువాడు, పెళ్లాం. అందరూ ఒకేసారి ఎందుకు తిరగబడ్డారో అర్థం కాలేదు. చేతిని మాత్రం అనుమానించలేదు. పట్టునూ కల్తీనూ అదే చేయి పొరపాటు లేకుండా పట్టిస్తోంటే చేతిని ఎందుకు అనుమానిస్తాడు?

కార్తీకమాసం అమ్మకాల ముందు ఒక కొత్త నేతగాడు చీరలు తెచ్చాడు. వేళ్లకు పట్టే అనిపించింది, అయినా మనసు ఒప్పలేదు. అట్లాంటప్పుడు అంచులోంచి పోగు లాగి కాల్చి చూస్తారు. అసలు పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద పొడిపొడిగా రాలుతుంది. కృత్రిమ దారమైతే కరిగి ముద్దవుతుంది. వెంకటరాయప్ప కుడిచేత్తో పోగు పట్టుకుని, ఎడమచేత్తో అగ్గిపుల్ల గీశాడు. పోగు చటుక్కున కాలి రాలింది. వాసన వచ్చింది. బూడిదను కుడిచేతి వేళ్లతో నలిపి పరీక్షగా చూస్తున్నాడు.

"పట్టేనన్నా" అన్నాడు రామాంజినప్పతో. "వాసన చూడు, ఇంకా వస్తా ఉండాది."

నిజంగానే వాసన ఇంకా వస్తోంది. పోగు కాలి రాలి కాసేపైంది. రామాంజినప్ప ముక్కు ఎగబీల్చి అటూ ఇటూ చూశాడు. గుమ్మంలో టీ పళ్లెంతో నిలబడ్డ చిన్నప్ప కేక వేశాడు.

"చేయి కాలతా ఉండాదప్పా! అగ్గిపుల్ల పారెయ్!"

వెంకటరాయప్ప కిందికి చూశాడు. పుల్ల మొదలుదాకా కాలి వేళ్ల మధ్యే ఆరుతోంది. చూపుడువేలి చర్మం నల్లబడి పగిలింది. అది తన వేలే. కానీ ఆ వేలిలో ఏమీ జరగడం లేదు.

వేలు మానకముందే అంగడిలో గుసగుసలు మొదలయ్యాయి. అతను తాకిన నీళ్ల చెంబును ఒకరిద్దరు ముట్టుకోవడం మానేశారు. రామాంజినప్ప పక్కకు పిలిచి, గొంతు తగ్గించి చెప్పాడు.

"చర్మం డాక్టరుకు చూపించుకో వెంకటరాయప్పా. స్పర్శ లేదంటే కుష్ఠేమో అంటా ఉండారు. మందులతో పోతాదంట, భయం లేదు. అంతవరకు ఇంట్లో ఉండు."

"స్పర్శ లేకపోతే చీరలు ఎట్ల చూస్తా ఉండానన్నా?" అన్నాడతను. మనసులో మాత్రం, తన చోట ఆయన బావమరిదిని కూర్చోబెట్టడానికే ఈ ఎత్తు వేశాడు అనుకున్నాడు.

చర్మ వైద్యుడు ఒళ్లంతా చూసి, మోచేతి దగ్గర నరాలు తడిమి, కుష్ఠు కాదని తేల్చాడు. నరాల డాక్టరు దగ్గరికి వెళ్లమన్నాడు. ఒకరు ఇంకొకరి దగ్గరికి పంపుతున్నారంటే వీళ్లలో వీళ్లకు ఏదో ఒప్పందం ఉంటుందనుకుంటూనే వెళ్లాడు.

నరాల డాక్టరు పేరు నళిని. చిత్తూరు వైపు మనిషి, తెలుగులోనే మాట్లాడింది. కళ్లు మూసుకోమని, ఎడమచేతి మీద దూదితో తాకింది. తాకిన ప్రతిసారీ చోటుతో సహా చెప్పాడు. వేలిని పైకి వంచినా కిందికి వంచినా చెప్పాడు. తరవాత గుండుసూది తీసుకుంది. మొనతో పొడిచినప్పుడూ, గుండుతో నొక్కినప్పుడూ ఒకే మాట అన్నాడు. "తాకతా ఉండాది."

ఆఖర్న రెండు గాజుగొట్టాలు ఒకదాని తరవాత ఒకటి ఆనించింది.

"ఏది వేడి, ఏది చల్లన?"

"రెండూ ఒకటే కదమ్మా. ఒకే నీళ్లు పోసుకొచ్చినారు."

డాక్టరు గొట్టాలను అంబిక చేతికిచ్చింది. ఒకటి పట్టుకోగానే అంబిక "అబ్బా" అంటూ వెనక్కిచ్చేసింది. వెంకటరాయప్ప కళ్లు తెరిచి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. వీళ్లు ముందే మాట్లాడుకున్నారు అనుకున్నాడు.

"ఇప్పుడు మీరు కళ్లు మూసుకోండమ్మా" అన్నాడు డాక్టరుతో.

అంబిక సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరు కళ్లు మూసుకుని చేయి చాపింది. అతను ఒక గొట్టం ఆనించాడు. "చల్లన." మళ్లీ అదే ఆనించాడు, తప్పు చెప్తుందేమోనని. "మళ్లీ చల్లనే." రెండోది ఆనించాడు. "వేడి."

వెంకటరాయప్ప ఆ రెండో గొట్టాన్ని ఎడమ గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు. గాజు నునుపు తెలుస్తోంది, గుండ్రం తెలుస్తోంది. నెమ్మదిగా దాన్ని తన చెంపకు ఆనించుకున్నాడు. తల చటుక్కున పక్కకు తిరిగింది.

చేయి ఒకటి చెప్తోంది, చెంప ఇంకొకటి చెప్తోంది. చెంప తనదే, దాన్ని ఎవరూ కొనలేరు. కుర్చీలో వెనక్కి వాలి, "నా చేతికి ఏమైంది తల్లీ?" అన్నాడు.

"చేతికి ఏమీ కాలేదు" అంది నళిని. "మెడలో, వెన్నుపాములో ఉండాది. చర్మం మీద వేడికి, నొప్పికి వేరే నరాలు, నునుపు గరుకు తెలిసేందుకు వేరే నరాలు. రెండూ వెన్నుపాము దాకా కలిసే వస్తాయి. అక్కడ విడిపోతాయి. నునుపు గరుకు కబురు వచ్చిన పక్కనే నేరుగా పైకిపోయి, మెదడు మొదట్లో అవతలి పక్కకు దాటుతాది. వేడి, నొప్పి కబురు అట్ల కాదు. వెన్నుపాములోకి రాగానే అక్కడే అడ్డంగా నడుమలోంచి దాటి, అవతలి పక్క నుంచి పైకి పోతాది. మీకు సరిగ్గా ఆ నడుమలో నీళ్లు చేరి గుంత పడుంటాదని నా అనుమానం. దాటే నరాలు అక్కడే తెగిపోతాయి. మిగతావి బాగుంటాయి."

"వేడి తగిలితే చేయి దానంతట అదే వెనక్కి రావాల కదా?"

"మెదడుకు తెలియకముందే వెన్నుపాము చేతిని లాగేస్తాది, నిజమే. అయితే ముందు ఆ కబురు వెన్నుపాముకు సరిగ్గా అందాల. మీ గుంత అక్కడి కణాలను కూడా నొక్కుతుంటే లాగమని చెప్పేదెవరు? ఇంకా పెరిగితే చేతుల్లో బలం పోతాది, కాళ్లకూ దిగతాది."

స్కానింగులో మెడ దగ్గర వెన్నుపాము నడుమ, కొంచెం ఎడమ పక్కకు ఒరిగిన సన్నటి గుంత కనిపించింది. చిన్నమెదడు కింది కొస పుర్రె అడుగు రంధ్రంలోకి జారి, అక్కడి నీటి దారిని అడ్డుకుంటోంది; ఆ దారి తెరవడానికి ఆపరేషన్ చేయాలన్నారు. దగ్గినప్పుడు తల వెనక వచ్చే పోటు కూడా దానిదే. వెంకటరాయప్ప ఆ ఫిల్ములు తీసుకుని, ఈ డాక్టరు పేరు చెప్పకుండా ఊరికి ఇంకో కొసలో ఉన్న ఆసుపత్రికి వెళ్లాడు. అక్కడి ముసలి డాక్టరు కూడా అదే మాట చెప్పాడు. అప్పుడుగానీ ఆపరేషనుకు ఒప్పుకోలేదు.

బల్ల మీదికి ఎక్కించే ముందు అంబిక చేయి పట్టుకున్నాడు. "నీ మీద అనుమానపడినా" అన్నాడు.

"నేనూ పడినాలెండి. తాగతా ఉండారని ముక్కు దగ్గర పెట్టి వాసన చూసినా."

అతనికి నవ్వొచ్చింది. నవ్వితే తల వెనక పోటెత్తింది.

ఆపరేషన్ తరవాత ఆ పోటు పోయింది. కొన్ని నెలలకు అంగడికి తిరిగి వెళ్లాడు. మూటలు ఎత్తొద్దన్నారు కాబట్టి ఎత్తడు. అతని చోటు ఖాళీగానే ఉంది, బావమరిది ఎవరూ రాలేదు.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు నళిని గుండుసూది మొనతో పొడిచి, "గుచ్చుకుందా?" అని అడిగింది. "గుచ్చుకునింది" అన్నాడు ఆశగా. ఆమె అనుమానంగా చూసి, కళ్లు మూయించి, ఈసారి గుండుతో నొక్కింది. "గుచ్చుకునింది" అన్నాడు మళ్లీ. కళ్లు తెరిచేసరికి సూది గుండు అతని వేలి మీదే ఉంది. అతను తల దించుకున్నాడు.

"గుంత తగ్గింది. ఇక పెరగకపోవచ్చు" అంది ఆమె. "కానీ పోయిన నరాలు తిరిగి రావడం కష్టం. ఈ చేతికి వేడి తెలిసేది సందేహమే."

వెంకటరాయప్ప లేచి దండం పెట్టి, చొక్కా చేయి కిందికి లాక్కుని, బయట కూర్చున్న అంబికను ఇంటికి పోదాం రమ్మన్నాడు. ఆ మాట నిజమో కాదో ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లి అడగలేదు.