బొట్లు పెట్టుకున్న బేస్ గిటార్

ఆ రోజుల్లో, అంటే అమీర్‌పేట నడిబొడ్డున మెట్రో స్తంభాలు ఇంకా లేస్తున్న రోజుల్లో, మా వైపు నుంచి కంప్యూటర్ కోర్సులకని అక్కడికి వెళ్లినవాళ్లెవరూ ఉత్త చేతులతో తిరిగొచ్చేవాళ్లు కాదు. కొందరు జావా పట్టుకొచ్చేవాళ్లు, కొందరు టెస్టింగ్ పట్టుకొచ్చేవాళ్లు, ఏదీ పట్టుబడనివాళ్లు కనీసం కామెర్లయినా పట్టుకొచ్చేవాళ్లు. టెస్టింగ్ నేర్చుకోమని రాజమండ్రి నుంచి పంపిస్తే బేస్ గిటార్ మీద గంటలు మోగించడం నేర్చుకున్నది మాత్రం బహుశా నేనొక్కదాన్నే. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం అది నాకు ప్రాణం మీదికి వచ్చిన వ్యవహారమే, ఎందుకంటే నా వేలి కింద ఇంకొకాయన బతుకుతెరువు ఉంది.

ఆయన్ని అందరూ బేసన్న అనేవాళ్లు. యాభై అయిదు దాటిన మనిషి, పంజాగుట్టలో ఓ జిరాక్స్ షాపు మేడ మీద ఒకే గది, ఆ పక్కనే కాపురం. కింద స్తంభానికి 'గిటారు నేర్పబడును' అని అట్ట ముక్క వేలాడుతుంటే, క్లాసు ఎగ్గొట్టి తిరుగుతున్న నేను మేడెక్కాను. ఆయన ఒళ్లో ఉన్న గిటారుకు నాలుగే తీగెలున్నాయి. నేను జాలిపడి, "రెండు తీగెలు తెగిపోయినట్టున్నాయి మాస్టారూ, వేయించాక వస్తాలెండి" అన్నాను. ఆయన నాలుగు తీగెలూ మీటి చూపించి, "తెగలే బిడ్డా. దీనికి నాలుగే ఉంటయ్. బేస్ అంటరు. పాటల ఇది ఉన్నదని ఎవ్వరికి తెల్వది, లేకుంటే మాత్రం అందరికి తెలుస్తది" అన్నాడు. ఆ మాట నచ్చి (మా ఇంట్లో నా పరిస్థితి కూడా దాదాపు అదే) ఆ రోజే చేరిపోయాను. పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా బేసు, ఆ తర్వాత అమీర్‌పేటలో టెస్టింగు. మొదటిదానికి ఒక్క రోజు మానలేదు. రెండోదాని సంగతి వదిలేయండి.

బేసన్న శుభకార్యాలకు పాడే ఒక ఆర్కెస్ట్రాలో ఉండేవాడు. వాళ్ల ప్రతి కచేరీ ఆయన అల్లిన చిన్న ఎత్తుగడతోనే మొదలయ్యేది. బేస్ గిటార్ మీద అయిదు గుడిగంటలు, రెండుసార్లు. నిజం గంటలు కావు, హార్మోనిక్స్. మామూలుగా అయితే ఎడమచేతి వేలితో తీగెను గిటారు మెడకు ఒత్తిపెట్టి, కుడిచేత్తో మీటుతాం, 'డుమ్' అంటుంది. హార్మోనిక్‌కు ఒత్తకూడదు. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీకి సరిగ్గా పైన తీగెను ముట్టీ ముట్టనట్టు ముట్టి, మీటిన వెంటనే వేలు తీసేయాలి. అప్పుడు అంత లావు తీగె లోంచి సన్నని గంట మోగుతుంది. దున్నపోతు కోకిలలా కూసినట్టుంటుంది, నమ్మలేం.

ఆ ఏడాది బేసన్నకు ఆ గంటలు మోగడం మానేశాయి. షుగరు వల్ల ఎడమచేతి వేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి. ఒత్తి వాయించేవి వాయించగలడు, బలం ఉంది. ముట్టేదే ముట్టలేడు. "తీగె ఉన్నట్టే తెలుస్తలేదు బిడ్డా, తెల్వక ఒత్తేస్తున్న" అనేవాడు. రెండు కచేరీల్లో ఎత్తుగడ చెడింది. ఆర్కెస్ట్రా ఓనరు ఓ రోజు గదికి వచ్చి నా ముందే చెప్పాడు. "అన్నా, తప్పుగ అనుకోకు. కీబోర్డుల గంట సౌండు ఉన్నది. బేసు సుత కీబోర్డు భాయ్ ఎడమచేత్తోని లాగిస్తడు. నువ్వు జర రెస్టు తీసుకో." రెస్టు అంటే ఏమిటో గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. బేసన్న తల వంచుకుని గిటారు తుడుస్తూ తుడుస్తూ, "గా గంటలు నా బిడ్డ కొడ్తది. మిగిలింది నేను వాయిస్త. దసరా తెల్లారి షష్టిపూర్తి ప్రోగ్రాం ఉన్నది గద, ఆడ చూడు. తప్పు పోతే అప్పుడే రెస్టు తీసుకుంట" అన్నాడు. ఆ బిడ్డ నేనేనని నాకు అర్థమవడానికి రెండు నిమిషాలు పట్టింది. అప్పటికి నేను నేర్చుకున్నది 'డుమ్' ఒక్కటే. చేతిలో ఉన్నది మూడు వారాలు.

నాది మొరటు చెయ్యి. మా అమ్మ నన్ను అప్పడాలు వత్తనిచ్చేది కాదు, చపాతీలకు మాత్రమే పిలిచేది. తీగెను ముట్టమంటే నేను దాని పీక పట్టుకునేదాన్ని. ఒత్తితే 'డుమ్', పూర్తిగా వదిలేస్తే 'భుమ్', మధ్యలో ఎక్కడో ఆపితే 'డుబుక్కు'. చేసి చూపించడానికి ఆయన వేళ్లు సహకరించవు. నోటితో చెప్పాలి, నేను చెవితో పట్టుకోవాలి. "పాల మీద మీగడ ఉంటది సూడు, పగులకుంట ముట్టాలె" అన్నాడు. హాస్టల్లో ఆ రాత్రే పాల గ్లాసు ముందేసుకుని కూర్చున్నాను. మా హాస్టల్ పాలకు మీగడ కట్టే అలవాటు లేదు (కట్టడానికి అందులో పాలుండాలి కదా). మర్నాడు ఇంకో ఉపాయం చెప్పాడు, "నిద్రపోయేటోళ్ల నుదురు ముట్టు, వాళ్లు లేవద్దు."

నా పక్క మంచం డాట్‌నెట్ అక్కది. (ఏ కోర్సు చేస్తే ఆ పేరే, హాస్టల్ పద్ధతి.) తెల్లవారుజామున ఆవిడ నుదురు మీద వేలు ఆనించాను. ఆవిడ కెవ్వుమని లేచి, బల్లి పడిందని తేల్చేసి, చన్నీళ్లతో తలస్నానం చేసి వచ్చి, గోడ క్యాలెండరు వెనక బల్లిపాటు ఫలం చూసుకుంది. ఏదో మంచే రాసి ఉందట, రోజంతా సంబరంగా తిరిగింది. ఆ మరుసటి రోజూ ముట్టాను. మళ్లీ తలస్నానం. మూడో రోజుకు ఆవిడకు జలుబు చేసింది, హాస్టల్ ఆంటీ బల్లులు రాకుండా పైకప్పుకు కోడిగుడ్డు పెంకులు వేలాడదీయించింది. నేను ఆ సాధన మానుకున్నాను. నిజం ఇవాళ్టిదాకా చెప్పలేదు. అక్కా, ఇది చదువుతుంటే క్షమించు.

చివరికి విద్య షేర్ ఆటోలో వచ్చింది. వెనక సీట్లో ముగ్గురు కూర్చునే చోట అయిదుగురం. నా పక్కన ఒక పెద్దావిడ ఒళ్లో గుడ్ల ట్రే పెట్టుకుని కూర్చుంది. "బిడ్డా, మీద వడకు, గుడ్లు వల్గుతయ్" అంది. దూరం జరగడానికి చోటు లేదు, ఆనుకోవడానికి వీల్లేదు. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఆ ట్రే అంచుకు నా మోచెయ్యి తగులుతూనే ఉంది, బరువు మాత్రం నా కాలి వేళ్ల మీదే మోశాను. దిగాక ఒళ్లంతా నొప్పి. మేడెక్కి గిటారు తీసుకుని, చెప్పులు కూడా విప్పకుండా, పన్నెండో కమ్మీ మీద వేలిని ఆ మోచెయ్యిలాగే పెట్టాను. మీటాను. గంట మోగింది. వంటగదిలో ఉన్న బేసన్న భార్య (నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని) హారతి అనుకుని చేతులు తుడుచుకుంటూ వచ్చింది.  బేసన్న అటు తిరిగి కిటికీ తలుపు ఊరికే తీసి, ఊరికే మూశాడు.

ఆ అయిదు మోతల్లో మూడు అలా వారంలో పట్టుబడ్డాయి. పన్నెండో కమ్మీ, ఏడో కమ్మీ, అయిదో కమ్మీ, అవి లెక్కకు అందేవి. మిగిలిన రెండే దొంగలు. వాటికి కమ్మీ లేదు. ఒకటి నాలుగో కమ్మీకి పిసరంత ఇవతల దాక్కుంటుంది, ఇంకోటి మూడో కమ్మీకి పిసరంత అవతల. ఆ పిసరు తప్పితే 'డుబుక్కు'. ఆడపిల్ల బుర్ర కదా, నా హ్యాండ్‌బ్యాగులో ఉన్న ఎర్ర బొట్టుబిళ్లల్లోంచి అతి చిన్నవి రెండు తీసి, మెడ అంచున వాయించేవాళ్లకే కనబడేలా, ఆ రెండు చోట్లా అంటించాను. ఇక కళ్లు అక్కడికి, వేలు అక్కడికి. చకచకా మోగేవి. బేసన్న అడిగాడు, "బొట్టు చూసుకుంట కొడుతున్నవా, చెవితోని కొడుతున్నవా?" చెవితోనే మాస్టారూ అని అబద్ధమాడాను.

దసరా నాడు ఆయుధపూజ. గిటారుకు పూజ చేసి, ఆ రోజు వాయించకుండా దేవుడి దగ్గర పెట్టడం ఆ ఇంటి ఆచారం. నేను హాస్టల్లోనే ఉండిపోయాను. మర్నాడు పొద్దున పదకొండింటికి పంజాగుట్టలోని ఫంక్షన్ హాలు వేదిక వెనక గిటారు సంచి విప్పి చూస్తే, నా గుండె నాలుగు తీగెల మధ్యలోంచి జారి కింద పడింది. మెడ పొడవునా పసుపు. ఆ పసుపు మీద పై నుంచి కింది దాకా, అంగుళానికొకటి చొప్పున, ముచ్చటైన ఎర్రటి కుంకుమ బొట్లు. నా బిళ్లలు మాత్రం లేవు. పక్కనే పట్టుచీరలో నిలబడ్డ పెద్దమ్మ గర్వంగా అంది, "మంచిగ కడిగి పెట్టిన బిడ్డా. నువ్వు రెండే పెట్టినవ్, అవి సుత జరిగినయ్. బోసిగ కనవడ్డది. అందుకే నిండుగ పెట్టిన." ఆవిడ మొహం చూశాక ఎవరైనా ఏమంటారు? "చాలా బాగుంది పెద్దమ్మా" అన్నాను. నా గొంతు 'డుబుక్కు' అంది.

తీగెల మీద పసుపు చున్నీతో తుడుస్తుంటే అరచేతులు పచ్చబడ్డాయి. వాయించి చూసుకుందామంటే వేదిక మీద పురోహితుడి మంత్రాలు. అవి అయ్యీ అవగానే ఓనరు చెయ్యి ఊపాడు. బేసన్న నా వెనక కుర్చీలో కూర్చున్నాడు. ఆయన పాదంతో తాళం వేస్తుంటే చెక్క వేదిక మీంచి నా పాదాలకు తెలుస్తోంది. పన్నెండు మోగింది. ఏడు మోగింది. అయిదు మోగింది. నాలుగోదానికి కళ్లు మూసుకున్నాను. ధైర్యం వచ్చి కాదు, ఆ బొట్లు చూడలేక. వేలు తనంతట తానే వెతుక్కుంటూ వెళ్లి ఎక్కడో ఆగింది. మోగింది, సన్నగా. అయిదోది వస్తూ వస్తూ సగంలో గుటక వేసింది.  రెండో విడత మొదలుపెట్టాను. ఈసారి అయిదూ మోగాయి, ఒకదాని వెంట ఒకటి, చివరిది హాలు చివరి వరసలో గారెలు వడ్డిస్తున్న మనిషి దాకా వెళ్లి ఆగింది. నేను గిటారు బేసన్నకు అందించి దిగిపోయాను. మిగతా కచేరీ అంతా ఆయన వాయించాడు, కొండలా.

విరామంలో ఓనరు మొహం వెలిగిపోతూ వచ్చాడు. సౌండు పెట్టె దగ్గర వంగి ఉన్నాడట, వేదిక చూడలేదట. "చూసినవా అన్నా? కీబోర్డుల గంటలు ఎంత సాఫుగ వచ్చినయో. నేను చెప్పలే? ఇగ నువ్వు ఫికర్ లేకుంట రెస్టు తీసుకోవచ్చు."  మూడు వారాలు నేర్చుకున్నదంతా మరీ బాగా రావడం వల్లే మునిగిపోయేలా ఉంది. బేసన్న ఎప్పుడూ తన గురించి మాట్లాడే రకం కాదు. అప్పుడు కీబోర్డు భాయ్ అన్నాడు, నోట్లో ఉన్నది తీరిగ్గా మింగాక. "నేనేడ కొట్టిన్నన్నా? అప్పుడు నాకు ఓ చేతిల చాయ్, ఓ చేతిల సమోసా. గా పోరి కొట్టింది. నా పెట్టెల గసొంటి గంట లేదు, ఉన్నదని నీకెవరు చెప్పిన్రు?" ఓనరు నా వైపు చూశాడు, నా పచ్చటి చేతుల వైపు చూశాడు, గిటారు మెడ మీది బొట్ల వైపు చూశాడు. "మల్ల వచ్చే ప్రోగ్రాంకు సుత ఇద్దరు రాండ్రి" అని, భోజనాల వైపు వెళ్లిపోయాడు. ఆ సమోసా తిన్న చేతికి నేను ఈనాటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

అందరూ భోజనాలకు వెళ్లాక బేసన్న నన్ను పిలిచాడు. గిటారు ఒళ్లో పెట్టుకుని, ఎడమచేతి వేలు పన్నెండో కమ్మీ మీద ఆనించి, "జర నా వేలు పట్టుకో బిడ్డా. ఎంత లేపాల్నో నీకు తెలుసు గద" అన్నాడు. నేను రెండు వేళ్లతో ఆయన వేలి కొస పట్టుకున్నాను. అది మొద్దుగా, వెచ్చగా ఉంది. పిసరంత పైకెత్తి ఆపాను. ఆయన కుడిచేత్తో మీటాడు. ఆయన వేలి కిందనే గంట మోగింది. ఆయన కళ్లు మూసుకుని అది పూర్తిగా ఆరిపోయేదాకా విన్నాడు. ఇద్దరం మళ్లీ మోగించాం, ఏడో కమ్మీ మీద. ఆయనకు తీగె తెలియడం లేదు, వినిపిస్తోంది, అంతే. చిన్నపిల్లాడిలా నవ్వుతూ, "ఇంకోపాలి" అన్నాడు.

నేను గడియారం చూశాను. మూడింటికి అమీర్‌పేటలో మాక్ ఇంటర్వ్యూ. అంటే ఉత్తుత్తి ఇంటర్వ్యూ, ఉద్యోగం ఇవ్వరు, ఇచ్చేవాళ్లలా గద్దిస్తారు. "లేటయిపోతుంది మాస్టారూ, రేపు పొద్దున మోగిద్దాం" అని ఆయన వేలు వదిలేసి, చున్నీ సర్దుకుని మెట్లు దిగి పరుగెత్తాను. రేపు పొద్దున పాఠం ఉంది, తర్వాత కచేరీలున్నాయి, ఆ తర్వాత ఏడాదిలోపే నాకు గచ్చిబౌలిలో నిజం ఉద్యోగం కూడా వచ్చింది. ఆయన మళ్లీ అడగలేదు, నాకూ తోచలేదు. ఆ మధ్యాహ్నం పసుపు చేతులతో కూర్చున్న ఆ పిల్లను బల్లకు అటువైపు వాళ్లు చాలా ప్రశ్నలే అడిగి ఉంటారు. వాటిలో ఒక్కటైనా ఇప్పుడు నాకు గుర్తులేదు.