మినపచేలో గాల్ఫు కర్రలు

మా వారికి బందరంటే బెంగ, నాకు రంగూన్ అంటే ప్రాణం. ఈ తగువు ఎంతకీ తెగకపోవడంతో ఈ ప్రయాణం పెట్టుకున్నాం. ఆయన పుట్టిపెరిగింది బందరులో. మీసాలు సరిగా రాని వయసులో ఓడెక్కి రంగూన్ వచ్చి, ఒక బియ్యం కంపెనీలో చేరి, ఇన్నేళ్లకు పెద్ద గుమస్తా అయ్యారు. నేనేమో పుట్టిందే రంగూన్‌లో. మా నాన్నగారు అక్కడి తెలుగు బడిలో పంతులు. ఉద్యోగం చాలించే రోజులు దగ్గరపడేసరికి మా వారు "ఇక మన దేశం వెళ్లిపోదాం కామాక్షీ" అని మొదలుపెట్టారు. ఎవరి దేశం? నా మటుకు నాకు బందరే విదేశం! చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. సెలవు పెట్టి వచ్చి, నాలుగు రోజులు ఆ ప్రాంతమంతా తిరగాలి. ఆఖరి రోజున నేను "ఉందాం" అంటే ఉండిపోవడం, "వెళ్దాం" అంటే మారుమాట లేకుండా మద్రాసులో తిరుగు ఓడ ఎక్కడం. ఈలోగా ఆయన నన్ను నోరు తెరిచి బతిమాలకూడదు. కళ్లతో బతిమాలకూడదని మాట తీసుకోకపోవడం నా పొరపాటు.

సామాన్లలో ఒక పొడుగాటి కాన్వాసు సంచీ కూడా ఉంది. అందులో ఆరు గాల్ఫు కర్రలు, మూడు బంతులు. ఒకసారి కంపెనీ దొరగారికి ఆటలో జోడీ దొరక్క మా వారిని మైదానానికి తీసుకెళ్లారట. చిన్న తెల్లబంతిని కర్రతో కొట్టుకుంటూ, దాని వెనకే మైళ్లు నడిచి, ఎక్కడో ఉన్న గుంటలో పడేసి రావడం, అంతే ఆ ఆట! ఆ పూట నుంచి ఈయనకు అదే పిచ్చి. దొరగారు వెళ్లిపోతూ పాత కర్రలు ఇచ్చిపోయారు. ఇంట్లో వెండి చెంబులు తోమకపోయినా పట్టించుకోని మనిషి ఆ కర్రలకు మాత్రం వారం వారం నూనె రాసేవారు. "తీర్థయాత్రకు వాటితో పనేంటి?" అంటే, "ఉండనీవే, అవేమన్నా అన్నం అడుగుతాయా?" అన్నారు.

పుష్యమాసం చివర్లో బెజవాడలో పొద్దుటి రైలెక్కి, ఎండ చురుక్కుమనే వేళకు గుడివాడలో దిగాం. స్టేషను బయట ధాన్యం బస్తాల బళ్లు ఎంత కిక్కిరిసి ఉన్నాయంటే, మా సామాను కూలీ ఎద్దుల మధ్య నుంచి దారి చేసుకుంటూ వెళ్లాల్సి వచ్చింది. హోటల్లో పెసరట్లు తిని, మోటారు మాట్లాడుకున్నాం. రోజుకు ఆరు రూపాయలు, పెట్రోలు ఖర్చు మనది. డ్రైవరు మస్తాన్ ముప్పై ఏళ్లవాడు, మాటకారి. కాన్వాసు సంచీ కేసి చూసి, "సర్వేకి వచ్చారా బాబుగారూ? ఈసారి శిస్తు పెంచుతారంటగా?" అన్నాడు. అది ఆట సామానని చెబితే నమ్మలేదు. ఊరి చివరి పాత దిబ్బ ఎక్కి మా వారు కర్ర పట్టుకుని నాలుగు వైపులా చూశారు. ఎటు చూసినా వరి కుప్పలు, నూర్చే కళ్లాలు. నిట్టూర్చి కర్ర సంచీలో పెట్టేశారు. మస్తాన్ నాతో మెల్లిగా, "కొలత కుదరలేదనుకుంటానమ్మగారూ" అన్నాడు.

పామర్రు మీదుగా బందరు చేరడానికి రెండు గంటలు పట్టింది. బస సత్రంలో. మర్నాడు ఆయన నాకు తన ఊరు చూపించారు. కాలవ ఒడ్డున అద్దకం బట్టలు ఉతికి ఆరేస్తున్నారు. ఎర్ర పువ్వుల దుప్పటి ఒకటి బేరమాడి కొన్నాను, ఆ పని చూస్తే ముచ్చటేసింది. హల్వా కూడా బాగుంది, ఒప్పుకుంటాను. కానీ కాఫీ నోట పెట్టుకోగానే ఉప్పగా తగిలింది. నీళ్లే ఉప్పన! "మంచినీళ్ల బావులు లేకపోలేదు, ఇల్లు చూసుకోవడంలో ఉంటుంది" అనేసి, ఒప్పందం గుర్తొచ్చి నాలిక కరుచుకున్నారు. నేను విననట్టే ఊరుకున్నాను. సాయంత్రం కోట దాటి సముద్రం వైపు వెళ్తే కనుచూపుమేర బయలే. ఆయన ముఖం వెలిగిపోయింది. పంచె ఎగ్గట్టి, భుజాలు తిప్పి, బంతిని ఒక్క దెబ్బ కొట్టారు. అది చక్కగా ఎగిరి, అంత దూరాన దిగి, చప్పుడు లేకుండా బురదలోకి దిగిపోయింది. రెండో బంతీ అంతే. నేను నవ్వాపుకోలేక మోటారులోకి వెళ్లి కూర్చున్నాను.

మూడోరోజు తెల్లవారుజామునే బయలుదేరాం. చల్లపల్లిలో జమీందారుగారి కోట బయట నుంచే చూసి, ఆగకుండా పులిగడ్డ రేవుకు వచ్చాం. దివిసీమకు వెళ్లేవాళ్లు ఇక్కడ కృష్ణపాయ దాటాలి. రెండు పడవలు జతచేసి, పైన బల్లలు పరిచిన బల్లకట్టు మీదికి మోటారును ఎక్కిస్తారు. దీనికి రూపాయి తీసుకున్నారు. గాలి లేవకముందే దాటడం మేలు. ఎండెక్కితే బల్లకట్టు ఊగుతుంది, నాలాంటి పిరికివాళ్లకు దేవుళ్లందరూ గుర్తొస్తారు. అవతల అవనిగడ్డలో పూటకూళ్లమ్మ ఇంట భోజనం చేశాం. మనిషికి మూడణాలు. గుమ్మడికాయ దప్పళం, కందిపొడి, గడ్డపెరుగు. ఆవిడ వడ్డిస్తూ నా ఊరూ పేరూ అడిగింది.

"రంగూనా! అయితే అక్కడే ఉండిపోతారా, ఇటొచ్చేస్తారా అమ్మాయ్?"

"ఇంకా తేల్చుకోలేదండీ."

"తేల్చుకుందువుగాని, ముందు పెరుగన్నం తిను. కడుపులో చల్ల పడకుండా ఏదీ తేల్చుకోకూడదు."

మా వారు విస్తరిలోంచి తలెత్తలేదు. ఆయన మేనమామగారు ఒకప్పుడు ఈ చుట్టుపక్కలే కరణీకం చేశారట. బడి సెలవులన్నీ ఇక్కడే గడిచాయట. ఆ రాత్రి అక్కడే పడుకున్నాం. నిజం చెప్పాలంటే అప్పటికి నా మనసు రంగూన్ వైపే ఉంది. అక్కడ కుళాయి తిప్పితే నీళ్లు, మీట నొక్కితే దీపం, వీధిలో నా వాళ్లు. ఇక్కడ నాకెవరున్నారు?

నాలుగోరోజు, అంటే నేను మాట చెప్పాల్సిన రోజు, హంసలదీవికి బయలుదేరాం. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు అదే. కోడూరు దాటాక రోడ్డు పక్కన కోత అయిపోయిన చేను ఒకటి కనిపించింది. కుప్పలు లేవు, బురద లేదు, బల్లపరుపుగా ఉంది. "మస్తాన్, ఆపు!" అన్నారు మా వారు. మిగిలిన ఒక్క బంతీ వరి దుబ్బుల మధ్య పెట్టి, కర్ర ఊపారు. బంతితో పాటు జానెడు మట్టిగడ్డ కూడా లేచింది. బంతి అల్లంత దూరంలోనే పడింది. మళ్లీ కొట్టారు, మళ్లీ గడ్డ లేచింది. మూడోసారి కర్ర ఎత్తేసరికి గట్టు మీద నుంచి ఒక రైతు చెయ్యూపుతూ పరిగెత్తుకొచ్చాడు.

"ఆగండాగండి! ఏంటండీ పంతులుగారూ ఆ తవ్వుడు? చేలో మినుములున్నాయండీ!"

"ఖాళీ చేనే కదయ్యా?" అన్నారు ఈయన.

"ఖాళీ ఏంటండీ బాబూ! వరి కొయ్యకముందే, చెమ్మ ఉండగానే చల్లాం. ఓసారి కిందికి చూడండి."

చూశాం. దుబ్బుల సందుల్లో, రెండేసి ఆకులతో, చేనంతా మొలకలే. దూరం నుంచి ఎండుదుబ్బు తప్ప ఏమీ కనిపించదు. నాకు తెలియలేదంటే అర్థముంది, నేను పొలం మొహం ఎరగను. మా వారి ముఖం మాత్రం పాలిపోయింది. కర్ర పక్కన పడేసి మోకాళ్ల మీద కూర్చున్నారు. లేచిన మట్టిగడ్డలు తెచ్చి గుంటల్లో పెట్టి, చేతుల్తో అదుముతూ, వాలిన మొక్కలను ఒక్కొక్కటే నిలబెట్టడం మొదలుపెట్టారు. "చిన్నప్పుడు మా మావయ్య చేలో నేనే చల్లానే కామాక్షీ. నా చేతుల్తో చల్లాను. ఎలా మర్చిపోయాను?" అన్నారు.

రైతు కోపం కూడా అక్కడే చల్లారిపోయింది. "లెండి పంతులుగారూ, నాలుగు మొక్కలు పోతే ఏమైపోతది. ఎవరి తాలూకండీ తమరు?" అన్నాడు. మేనమామగారి సంగతి చెబితే, "అలా చెప్పరేంటండీ! మా నాన్న ఆయన్ని ఎరుగును" అన్నాడు. ఆట గురించి అంతా విని, ఒకసారి కర్ర చేత్తో పట్టుకుని బరువు చూశాడు. "ఆడుకోడానికి మీరొచ్చిన కాలమే బాలేదండీ. మినుము తీసేశాక, చైత్రానికి చేలన్నీ ఖాళీయే. జ్యేష్ఠంలో కాలవలొదిలేదాకా అడిగేవాడుండడు. తెల్లారగట్ట వచ్చి మీ ఇష్టమొచ్చినంతసేపు కొట్టుకోండి. కాపోతే నేల బీటలు తీసుంటది. బంతి బీటలో పడిందా, ఇక పాతాళమే. చైత్రానికి వస్తారుగా మరి?"

మా వారు నావైపు చూడలేదు. బంతి తీసి జేబులో వేసుకుని, రైతుకు దణ్ణం పెట్టి వచ్చి మోటారెక్కారు. మోటారు కదిలాక, "ఓడెక్కేద్దాం కామాక్షీ. నువ్వు చెప్పక్కర్లేదు, నేనే చెప్తున్నాను. నాకు ఊళ్ల పేర్లు గుర్తున్నాయి గానీ, ఈ నేల గుర్తు లేదు. ఇక్కడివాణ్ణి కాకుండా పోయాను" అన్నారు. నాలుగు రోజులుగా నేను వినాలనుకున్న మాటే అది. విన్నాక సంతోషం కలగకపోగా, ఆయన మీద కోపమొచ్చింది. ఆయన గోళ్లలో ఇంకా నల్లమట్టి ఉంది.

హంసలదీవిలో వేణుగోపాలస్వామిని చూసుకుని, అక్కడ నుంచి సంగమం దాకా ఎద్దుబండిలో వెళ్లాం. ఇసకలో మోటారు పోదు. బండివాడికి ఎనిమిదణాలు. చివరికి వచ్చాక ఇక నేల లేదు. ఒకవైపు మట్టిరంగు ఏరు, ఎదురుగా సముద్రం, రెండూ కలిసేచోట తెల్లటి నురగ. ఇద్దరం చేతులు పట్టుకుని మునిగాం. తడిబట్టలతోనే ఆయన సంచీలోంచి ఒక కర్ర తీసి, ఆఖరి బంతిని ఇసక మీద పెట్టారు, సముద్రానికి ఎదురుగా.

"ఏంటది?" అన్నాను.

"ఇక్కడే వదిలేసి పోదామని."

కర్ర వెనక్కి లేచింది. నేను వంగి బంతి తీసుకుని, కొంగున ముడేసుకున్నాను.

"ఇచ్చెయ్యవే."

"ఇవ్వను. చైత్రంలో ఏం పెట్టి ఆడతారు? ఆ రైతుకు వస్తామని నేను చెప్పాలా?"

ఆయన కర్ర అలాగే పట్టుకుని నిలబడిపోయారు. "ఏమన్నావ్?" అన్నారు. "బందరులో ఇల్లు చూడండన్నాను. ఉప్పునీళ్ల బావి ఉన్న కొంపలో మాత్రం అడుగుపెట్టను" అన్నాను. ఆ వయసు మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. వెంట వచ్చిన మస్తాన్ సముద్రం వైపు తిరిగి ఏదో పడవను వెతకసాగాడు, అటు ఒక్క పడవ కూడా లేదు.

ఇది జరిగి రెండు చైత్రాలు గడిచాయి. రంగూన్ ఇప్పటికీ కలలోకి వస్తుంది. ఆ వీధి, ఆ కుళాయి చప్పుడు గుర్తొస్తే దిగులేస్తుంది, ఎందుకు దాచాలి? ఊరి మీద ఇష్టంతో ఉండిపోయానని ఎవరైనా అంటే నేనొప్పుకోను. తనకు తెలియక తొక్కిన మొక్కలను మోకాళ్ల మీద కూర్చుని నిలబెట్టిన మనిషిని మళ్లీ ఓడెక్కించడానికి నాకు చేతులు రాలేదు. ఊరి మీద ఇష్టం ఆ తర్వాత మెల్లిగా వచ్చింది, ఇంకా వస్తోంది.

మీరూ గాల్ఫు కర్రలు పట్టుకుని ఇటు రావాలనుకుంటే పుష్యమాసంలో రాకండి. ఖాళీగా కనిపించే ఏ చేనూ అప్పుడు ఖాళీ కాదు. చైత్రం వచ్చాక, కాలవలొదిలేలోగా, రైతును అడిగి, తెల్లవారకముందే చేలో దిగండి. బంతులు మాత్రం డజనుకు తక్కువ తేవద్దు, మావి ఇప్పటికే ఎన్నో పాతాళానికి వెళ్లాయి. కొంగున ముడేసిన ఆ ఒక్కదాన్నీ నేనింకా ఆయనకివ్వలేదు. ఎండెక్కాక బందరు వచ్చి మా ఇంట్లో కాఫీ తాగి వెళ్లండి, మా బావి నీళ్లు తియ్యగా ఉంటాయి.