కళ్లద్దాలు తుడిచే సీనియర్

షామీర్‌పేట బస్సు స్టాపులో ఆగదు. కాస్త ముందుకెళ్లి, మనం పరుగెత్తగలమో లేదో చూసి ఆగుతుంది. దాని వెనక నాకన్నా ఎక్కువ పరుగెత్తినవాడు నా గదిలో ఉండే సీనియర్. కోస్తాలోని ఒక వాతావరణ కేంద్రం కొలిచిన ఉష్ణప్రవాహాన్ని, అంటే నేల నుంచి గాలిలోకి పోయే వేడిని, పాత వాతావరణాన్ని కంప్యూటర్ తిరిగి లెక్కగట్టిన రీఎనాలిసిస్ అంకెలతో పోల్చడం ఆయన పీహెచ్‌డీ. గ్రాఫులో ఆ రెండు గీతలూ ఎన్నడూ కలవలేదు. కలవనప్పుడల్లా ఆయన కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి మళ్లీ చూసేవాడు. తప్పు అద్దాలదేనని ఆయన నమ్మకం.

థీసిస్ గడువుకు నెల ఉందనగా కారణం దొరికింది. కంప్యూటర్ తన పటాన్ని గళ్లుగా విడగొట్టుకుంటుంది; అందులో ఆ కేంద్రం ఉన్న గడి మొత్తం సముద్రమే. ఇన్నేళ్లూ ఆయన నేలను నీటితో పోల్చాడు.

ఆ సాయంత్రం ఇంటి ఓనరు, ప్లాట్లమ్మే పెద్దమనిషి, తలుపు దగ్గర ఆగాడు.

“ఏంది సారూ, గట్ల కూసున్నవ్?”

“కంప్యూటరు భూమిని పట్టుకుని సముద్రం అంటోందండీ. చేసిందంతా పోయినట్టే.”

చెప్పి, నీరసంగా కళ్లద్దాలు తీశాడు.

ఓనరు లోపలికి తొంగిచూశాడు. “మేం చెరువుల జాగను భూమి అని అమ్ముతం. దానికైతే కొనేటోడు దొరుకుతడు. నీదాన్ని ఎవడు తీస్కుంటడు సారూ?”