చదివించి అడిగే దొరసాని

మా ఇంటాయన పోయిన మరుసటేడు కోవిల్‌పట్టి పక్కనున్న మా ఊరికి ఒక దొరసాని వచ్చింది. ఐరోపా దేశాలన్నిటికీ కలిపి ఉన్న పెద్ద ఆఫీసుల దగ్గర తన జిల్లా తరఫున మాట్లాడటమే ఆమె ఉద్యోగం. ఆ జిల్లా మా ఊరితో చెలిమి కలుపుకుంది గనుక, మాకు నీళ్ళ ట్యాంకు కూడా అక్కడే అడుగుతానంది.

ఎవరేం చెప్పినా రాసుకుని, లేచేముందు మాట మార్చి చెప్పడానికి వెంట తెచ్చుకున్న విరుదునగర్ టీచరమ్మ చేత మా ఇళ్ళలో మాట్లాడే తెలుగులో చదివించి, “సరేనా?” అన్నట్టు మా మొహాలు చూడటం ఆమె అలవాటు.

ఒక రోజు కూలికి అగ్గిపెట్టెలకు కాగితాలు అంటిస్తూ విన్నాం. “నీళ్ళు దినామూ వస్తాయి” అని చదివింది టీచరమ్మ. అది మా పంచాయతీ ప్రెసిడెంటు చెప్పిన మాట.

“లేదు. వారానికి ఒగ తూరే,” అన్నాను.

“ఊరి మానం తీయొద్దు వదినా,” అన్నాడు ప్రెసిడెంటు.

“మానాన్ని బిందెలో పట్టి తాగుదామా, మరిదీ?”

అందరూ నవ్వారు. దొరసాని మాత్రం ప్రెసిడెంటు మాట కొట్టేసి, నా మాట రాసి, మళ్ళీ చదివించింది. “మా జిల్లా ఊళ్ళు చెప్పింది చెప్పినట్టే అక్కడ చెప్తాను. మీదీ అంతే,” అందట.

ట్యాంకు వచ్చింది. దానిమీద ప్రెసిడెంటు పేరు రాశారట. నాకు చదవడం రాదు. బిందె నిండేటప్పుడల్లా కోడలికి చెప్తాను, అంత దూరం పోయి ఈ నీళ్ళు అడిగింది నా మాటేనని.