బావ కూర్చున్న కారు

బావ కూర్చోడు. కాళ్లలో జబ్బు లేదు, నడుములో నొప్పి లేదు, ఎవరికీ మొక్కుకున్నదీ లేదు. కూర్చోడు, అంతే. కంచం చేత్తో పట్టుకుని తిరుగుతూ తింటాడు. మొదటి ముద్ద వంటింట్లో పడితే చివరి ముద్ద వీధి గుమ్మంలో పడుతుంది. ఒకసారి ఏదో ఆలోచనలో గుమ్మం కూడా దాటిపోయి, పక్కింట్లో చెయ్యి కడుక్కుని వచ్చాడు. వాళ్లు తువ్వాలు కూడా ఇచ్చారు. అలవాటైపోయింది.

సెలూన్లో అద్దం ముందు కుర్చీ ఖాళీగా ఉంటుంది. బావ గది చుట్టూ తిరుగుతుంటే కత్తెర అతని వెనక తిరుగుతుంది. "అయ్యా, తల ఒక్కటీ నా దగ్గర వదిలి, కాళ్లను మీ ఇష్టం వచ్చిన చోటికి పంపించండి" అని సెలూన్ యజమాని బతిమాలుకున్నాడు. డాక్టరు "కూర్చోండి" అంటే "మీరు కూర్చోండి, నేను నిన్నంతా కూర్చున్నా" అని అబద్ధమాడాడు. ఇంట్లో ఏ ఫోటో తీసుకున్నా అక్క పక్కన ఒక మసక ఉంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలకు ఆ మసకనే చూపించి "మా ఆయన" అని పరిచయం చేస్తుంది అక్క.

ఇలాంటి మనిషి ప్రపంచం మొత్తం మీద ఒక్కచోట మాత్రం కూర్చుంటాడు. గుద్దుకున్న కార్లలో.

అది అతని వ్యాపారం. కారు గుద్దుకుంటుంది. బాగుచేయించే ఖర్చు కారు విలువకన్నా ఎక్కువవుతుందని లెక్క తేలితే ఇన్సూరెన్సు కంపెనీ యజమానికి పరిహారమిచ్చి, కారును "టోటల్ లాస్" అని రాసేసి, వేలం యార్డులో పడేస్తుంది. అందులో కొన్ని తుక్కుకు తప్ప ఎందుకూ పనికిరావు. కొన్నిటికి బానెట్టూ బంపరూ మార్చి, వంకర తీసి, రంగేస్తే మళ్లీ నిక్షేపంలా తిరుగుతాయి. ఏది ఏదో తెలుసుకోవడమే విద్య. యార్డుకొచ్చినవాళ్లంతా ఇంజను మీద పడి వాసన చూస్తుంటే, బావ వెనక తలుపు తీసి లోపల కూర్చుంటాడు. తర్వాత ముందు సీటు, ఆ తర్వాత మళ్లీ వెనక ఇవతలి సీటు. కళ్లు మూసుకుని ప్రతి సీట్లోనూ కాసేపు. మిగతా బేరగాళ్లు "కాలుగాలిన పిల్లికి కారు దొరికింది" అని నవ్వుకుంటారు.

ఈ యార్డులోకి బావమరిది వచ్చింది చదువు వల్లా కాదు, ఆసక్తి వల్లా కాదు, భయం వల్ల. అతని మామగారికి ఇనప సామాన్ల కొట్టుంది. అక్కడ మేకులు తూచడానికి ఒక స్టూలు, ఒక కాటా, ఒక అల్లుడు కావాలి. స్టూలూ కాటా ఉన్నాయి. ఉద్యోగం పోయిన అల్లుణ్ణి చూసి మామగారి కళ్లు మెరిశాయి. అక్క అడ్డుపడింది. "మా తమ్ముడు సొంతంగా ఒక్క కారు కొని, బాగుచేసి, అమ్మి చూపిస్తాడు బాబాయిగారూ. చూపించలేకపోతే నేనే చెయ్యి పట్టుకుని తెచ్చి మీ స్టూలు మీద కూర్చోబెడతా" అంది. కూతురి ఆడపడుచు మాటకు విలువివ్వాలి కాబట్టి మామగారు ఒప్పుకుని, కాటా మీద గుడ్డ కప్పి ఎదురుచూస్తున్నాడు.

బావమరిది కొన్నది ఒక ఎర్ర కారు. ఆ రోజు బావ యార్డు అవతలి కొసన ఏదో వ్యానులో కూర్చుని ఉన్నాడు. ఈ కారు ముందు భాగం నలిగింది తప్ప వెనకంతా అద్దంలా ఉంది. ఇంకెవరైనా వేలం పాడేస్తారేమోనని తనే పాడేశాడు. బావ ఇంటి పక్క షెడ్డుకు తెచ్చి, బానెట్ మార్చి, లైట్లు పెట్టించి, రంగు కొట్టించాక ఆ కారును చూసి తనకే ముద్దొచ్చింది.

"ఎక్కు బావా, ఒక రౌండేద్దాం."

బావ ముందు సీట్లో కూర్చున్నాడు. సందు చివర దిగి వెనక సీట్లోకి మారాడు. కళ్లు మూసుకున్నాడు. షెడ్డులోకి వచ్చి ఆపాక "బాగుంది" అన్నాడు.

"మరి దిగు."

"ఇంకాసేపు కూర్చుంటా."

బావమరిది తన చెవుల్ని తనే నమ్మలేకపోయాడు. అక్కను పిలిచాడు. అక్క వచ్చి అద్దంలోంచి తొంగిచూసి, "ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా?" అంది.

"హాయిగా ఉందే. ఇన్నాళ్లకి నాకు సరిపడ్డ కుర్చీ దొరికింది."

ఆ రోజునుంచి బావ ఎర్ర కారులోనే టీ తాగాడు, పేపరు చదివాడు, కంచం తెప్పించుకుని భోజనం చేశాడు. పక్కింటివాళ్లు కదలని బావను చూడ్డానికి సంసారసమేతంగా వచ్చి చూసిపోయారు. అక్క దిండు తెచ్చిపెట్టింది. "పోనీలేరా, ఇన్నేళ్లకి ఆయనకి కుదురొచ్చింది" అని తమ్ముడికేసి జాలిగా, కారుకేసి కృతజ్ఞతగా చూసింది.

"ఆయనకి కుదురొస్తే నాకు మేకులొస్తాయే అక్కా!"

పళ్ల డాక్టరొకడు కారు చూడ్డానికి వచ్చాడు. వెనక తలుపు తీసేసరికి లోపల బావ.

"నమస్కారం. ఇది అమ్మకానికి కాదండీ."

"మరి బయట బోర్డు పెట్టారే!"

"బోర్డు మా బావమరిది పెట్టాడు. కారులో నేనున్నాను."

డాక్టరు వెళ్లిపోయాడు. అతని వెనకే పాల వ్యాపారి వచ్చాడు, పెళ్లికొడుకొకడు వచ్చాడు. అందరికీ వెనక సీట్లోంచి అదే నమస్కారం. బావమరిది అరిచాడు, అలిగాడు, ఆఖరికి డిక్కీ మీద బాదాడు.

"నీకు కావలిస్తే సోఫా కొనిపెడతా బావా! దిగు!"

"సోఫాకి చక్రాలుండవురా."

"దీనికున్నా నువ్వు కదలనివ్వడం లేదుగా!"

మామగారినుంచి కబురొచ్చింది. కాటా తుడిపించాడట. స్టూలు మీద పైకి లేచిన మేకును దిగగొట్టించాడట, అల్లుడికి గుచ్చుకోకుండా.

ఒక్కటి మాత్రం బావమరిదికి అంతుపట్టలేదు. హాయిగా ఉందన్నవాడు అలా ఉండడే! బావ మోకాళ్లు కొట్టుకుంటుంటే కారు మొత్తం జ్వరమొచ్చినట్టు వణుకుతోంది. ఎవరూ చూడ్డంలేదనుకున్నప్పుడు గభాలున దిగి, షెడ్డు చుట్టూ పరుగులాంటి నడకతో ఒక చుట్టు చుట్టి, వీధిలో స్కూటరు చప్పుడైతే చాలు, డ్యూటీకి ఆలస్యమైన గుమాస్తాలా మళ్లీ ఎక్కి తలుపేసుకుంటున్నాడు. చెమటలు కారుతున్నాయి. సుఖపడేవాడి మొహం అలా ఉండదు.

కానీ కోపంలో ఉన్న మనిషికి కళ్లుంటాయి గాని చూపుండదు. బావ తప్పనిసరై యార్డుకు వెళ్లే రోజు కోసం బావమరిది కాచుకున్నాడు. అది రాగానే, కారు కోసం వెతుకుతున్న, స్కూల్లో డ్రిల్లు నేర్పే టీచరమ్మకు కబురు చేశాడు. ఆవిడ వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. పెద్దావిడ రావడంతోనే వెనక తలుపు తీసుకుని, బావ దిండును సర్దుకుని, బావ సీట్లో కూర్చుంది.

"నాకిక్కడ బాగుందే అమ్మాయ్."

"ఉండమ్మా, చూడనీ" అని టీచరమ్మ బావమరిది వైపు తిరిగింది. "మా అమ్మకి ఆయాసం. చెమ్మ అస్సలు పడదు. కింద కార్పెట్టు తీసి చూపిస్తారా?"

"దానికేం భాగ్యం! ఎడారి అనుకోండి" అంటూ బావమరిది ముందు సీటు వెనక కార్పెట్టును సర్రున లాగాడు.

చెమ్మ లేదు. ఈ తలుపునుంచి ఆ తలుపుదాకా, లావుపాటి కుట్టులాగా, వెల్డింగు గీత ఉంది.

బావమరిది అలాగే వంగుండిపోయాడు. ఎర్ర కారు కారు కాదు. ముందు వైపు గుద్దించుకున్నదొకటి, వెనక వైపు గుద్దించుకున్నదొకటి. రెంటినీ చెరిసగం కోసి, బాగున్న సగాలను అతికించి, రంగేసి ఎవడో ఎవరికో అంటగట్టాడు. ఆ అతుకుల బొంతే ముందు వైపు మళ్లీ నలిగి యార్డుకు చేరింది. నేరుగా వెళ్తే వెళ్తుంది. గట్టిగా దేనికైనా తగిలిందా, ముందు కూర్చున్నవాళ్లు ఒక దారి, వెనక కూర్చున్నవాళ్లు ఒక దారి.

ఆ గీత మీద ఒకచోట రంగు గీకి ఉంది. తాజాగా. తుప్పు పట్టకుండా నూనె గుడ్డతో తుడిచి కూడా ఉంది. షెడ్డు తాళాలు ఇద్దరి దగ్గరే ఉంటాయి. రెండో అతను వంగుని చూస్తున్నాడు, అంటే గీకింది మొదటి అతనే, బావే.

"చెమ్మ ఉందా అండీ?"

"లేదండీ."

అది నిజమే. అక్కడితో నోరు మూసుకుంటే చాలు, కారు అమ్ముడుపోతుంది. స్టూలు కళ్ల ముందు మెదిలింది. వెనక సీట్లో పెద్దావిడ ఇంకాస్త వెనక్కి వాలింది.

"దిగండమ్మా" అన్నాడు బావమరిది.

"ఏం నాయనా?"

"అది మా బావ సీటండీ."

టీచరమ్మ నడుం మీద చెయ్యేసుకుంది. "మీ బావగారు కూర్చుంటారని కారు అమ్మరా? పిల్చి మరీ ఇదేం చోద్యం?"

"అందుకు కాదండీ" అని బావమరిది పక్కకు జరిగి వెల్డింగు గీత చూపించాడు. "ఇది ఒక కారు కాదు, రెండు. అతికించారు. చూసుకోకుండా కొన్నది నేనే."

పెద్దావిడ దిగుతూ దిగుతూ ఆగింది. "రెండు కార్లా? ఒకదాని ఖరీదుకే?"

"నువ్వు దిగమ్మా!"

నిజం చెప్పినవాడికి అప్పటికప్పుడే బహుమానం దొరుకుతుందని నీతికథలు రాసేవాళ్లు ఎప్పుడూ కార్లు అమ్మి ఉండరు. టీచరమ్మ ఇంకే కారూ చూడకుండా, ఆటో పిలిచి, తల్లిని ఎక్కించుకుని వెళ్లిపోయింది.

బావ వచ్చేసరికి కార్పెట్టు నేల మీదుంది, బావమరిది దాని పక్కనున్నాడు. బావ షెడ్డులో ఈ గోడనుంచి ఆ గోడకు నడవడం మొదలుపెట్టాడు.

"నీకెప్పుడు తెలిసింది బావా?"

"కూర్చున్న రోజే. ముందు సీటు ఒకలా వణికింది, వెనక సీటు ఇంకోలా. ఒక సంసారంలా లేవురా, బస్సులో పక్కపక్కన కూర్చున్న పరాయివాళ్లలా ఉన్నాయి."

"చెప్పచ్చుగా!"

"నీకు చెబితే నీ మొహం చూసి మీ అక్క కనిపెట్టేస్తుంది. మీ అక్కనుంచి మీ ఆవిడకి. మీ ఆవిడనుంచి మేకులకి."

"అందుకని పిచ్చివాడిలా అందులో కూర్చున్నావా?"

"కొత్తగా అవ్వాలా ఏంటి? నేను పిచ్చివాణ్ణని ఊరు ముందే తీర్మానించింది. కారు కోసేస్తే ఎందుకు కోశావని నలుగురూ అడుగుతారు. నేను కూర్చుంటే ఎవడూ అడగడు. నువ్వు ఇంకోటి కొని అమ్మేదాకా ఆపుదామనుకున్నా." బావ ఆగి మోకాళ్లు రుద్దుకున్నాడు. "ప్రాణం పోయిందనుకో. జనం కుర్చీల్లో ఏం సుఖం చూశారోగానీ, నాకు మాత్రం జైలే."

బావమరిదికి నవ్వు రావాలో ఇంకోటి రావాలో తెలియలేదు. ఏదో ఒకటి వచ్చేలోగా ఫోను తీసి మామగారికి చేశాడు. "మామయ్యా, చూసుకోకుండా కొన్నాను, మోసపోయాను. కొనడానికొచ్చినవాళ్లకి సంగతి చెప్పి నేనే పంపించేశాను. రేపటినుంచి కొట్టుకొస్తాను."

బావ గోడలు చాలక, వీధిలోకి వెళ్లి మళ్లీ వచ్చాడు.

"ఏమన్నాడురా?"

"వద్దన్నాడు. బేరానికొచ్చినవాళ్లకి లోపం చెప్పి పంపించేసేవాణ్ణి కొట్లో పెట్టుకుంటే తన కొట్టు మునుగుతుందట. ఆ స్టూలుకి ఇంకెవర్నో చూసుకుంటాడట."

బావ పెద్దగా నవ్వి, గ్యాస్ కట్టరు తీసి, బావమరిది చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రానికల్లా ఎర్ర కారు మళ్లీ రెండైంది, ఈసారి ఇంకెవడూ అతికించలేనట్టుగా.

"రేపు వేలానికి రా. సీట్లలో నువ్వు కూర్చో. నేను పక్కన నిలబడతా."

"నా వల్ల కాదు బావా. ఒకచోట కళ్లు మూసుకుని కూర్చుంటే నాకు నిద్రొచ్చేస్తుంది."

బావ నడక ఆపి, బావమరిదికేసి ఎంతో గౌరవంగా చూశాడు. "ఏ కారులో నిద్రొస్తే అది కొనేద్దాంరా. అంతకన్నా ఏం కావాలి!"