బావ చెవికి అందని చప్పుడు

తాండూరులో కార్లకు పాటల సెట్లు బిగించే మా బావ, మా అక్క భర్త, పోయిన నెల చనిపోయాడు. వికారాబాద్‌లో నా ఎరువుల దుకాణంలో ఉండగా ఫోను వచ్చింది. నంబరు అక్కది, గొంతు మాత్రం వాళ్ల పక్క దుకాణం ఆయనది. "జర జల్ది రా అన్నా, మీ బావను లారీ గుద్దింది" అన్నాడు. ఎట్లున్నడని అడిగాను. "నువ్వైతే రా" అని పెట్టేశాడు. కారు ధారూర్ దాటకముందే నాకు అర్థమైపోయింది. అయినా ఆస్పత్రి దాకా మనసుకు సర్దిచెప్పుకుంటూనే పోయాను.

బావ వాళ్లది కందిపప్పు వ్యాపారం చేసే ఇల్లు. అన్నదమ్ములంతా గంజిలో, అంటే ధాన్యం మార్కెట్లో, కూర్చుంటే ఈయన ఒక్కడూ స్క్రూడ్రైవరు పట్టాడు. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, కింద నాపరాళ్లు, గోడకు తగిలించిన వైర్ల చుట్టలు. బండలు కోసే ఊరు కదా, తాండూరులో ఆ దుమ్ము చేరని చోటు ఉండదు. స్పీకరు లోపలి సందులో ఆ దుమ్ము పడితే గరగరమంటుంది. అందుకని కారు తలుపు విప్పగానే బావ మెత్తని బ్రష్షుతో మూలమూలా దులిపేవాడు. వైర్లు ఆ తర్వాతే.

క్రాసోవర్ సెట్ చేయడంలో ఆయనకు మంచి పేరుండేది. పాటలో బరువైన మోత ఉంటుంది, మనిషి గొంతు ఉంటుంది, తాళాల్లాంటి సన్నని చప్పుడు ఉంటుంది. మోతను డిక్కీలోని పెద్ద ఊఫర్‌కు, గొంతును తలుపుల్లోని స్పీకర్లకు, సన్న చప్పుడును అద్దం పక్కనుండే చిన్న ట్వీటర్‌కు పంచి పంపాలి. ఎక్కడ కోసి ఎవరికి ఇవ్వాలన్నదే క్రాసోవర్. "చిన్నదాని మీద పెద్ద బరువు పెడితే కాలిపోతది బామ్మర్ది. ఇంట్లైనా గంతే" అనేవాడు.

పని అయ్యాక కారును అనంతగిరి గుట్టల దిక్కు తీసుకుపోయేవాడు. నన్ను ఎక్కించుకోవడానికి వికారాబాద్ దాకా వచ్చిన రోజులూ ఉన్నాయి. "నిలవడ్డ బండిల అన్ని పాటలు మంచిగనే ఉంటయి. రోడ్డు మీద ఇంటెనే ఎరుకైతది" అనేవాడు. టైర్ల చప్పుడు మోతను మింగేస్తుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఇంజను మూలిగేటప్పుడు గొంతు అణగిపోతుంది. ఎక్కడో ఒక పక్కన ఆపి, మరలు కొంచెం తిప్పి మళ్లీ పోనిచ్చేవాడు. ఆ దారిలో మేము మాట్లాడుకున్నది తక్కువ. ఇప్పుడు అనిపిస్తుంది, అంత సుఖంగా మరెవరి పక్కనా నేను కూర్చోలేదని.

మా అమ్మను వైద్యానికి హైదరాబాద్ తిప్పిన రోజుల్లో ఆయన చేసిన మేలు చెప్పాలి. అమ్మకు చెవులు మందగించాయి. కారులో భజన పెడితే "ఏందో బుయ్‌మంటుంది, బంద్ చెయ్యి" అనేది. ఈ మాట అక్క ద్వారా బావకు తెలిసింది. చేతిలో ఉన్న పని పక్కన పెట్టి నా కారు తలుపులు విప్పాడు. కింది మోతను బాగా తగ్గించి, నడిమి స్పీకర్లను అమ్మ కూర్చునే వైపుకు తిప్పాడు. "అత్తకు మాట ఇనవడాలె. మనిషి గొంతు నడిమిల ఉంటది" అని గొణుక్కుంటూ అమ్మనే ముందు సీట్లో కూర్చోబెట్టి అడుగుతూ చేశాడు. కొంతసేపటికి అమ్మ ముఖం విప్పారింది. "ఇప్పుడు పదాలు ఇనవస్తున్నయి బిడ్డా" అంది. బిడ్డ అని పక్కనున్న మా అక్కను పిలిచిందో, సంతోషంలో అల్లుణ్నే పిలిచిందో తెలియదు. తర్వాత అమ్మ ఎక్కువ రోజులు బతకలేదు. ఆ ప్రయాణాలు మాత్రం పాట వింటూ చేసింది.

రానురాను గిరాకీ మారింది. కొడంగల్ నుంచి, కుల్కచర్ల నుంచి వచ్చే పిల్లలకు గొంతు అక్కర్లేదు, అద్దాలు అదరాలి. బావకు నచ్చలేదు. కానీ షెడ్డు నడవాలి. డిక్కీ నిండా ఊఫర్లు పెట్టి, అద్దాలన్నీ మూసి, లోపల కూర్చుని పరీక్షించేవాడు. ఏళ్ల తరబడి అదే పని. చెవుల్లో దూది పెట్టుకోమని అక్క అంటే "దూది పెట్టుకుంటే పని ఎట్ల తెలుస్తది?" అని నవ్వేవాడు.

ముందు అక్కే పసిగట్టింది. వంటింటి పక్కనే కూర్చుని ఉన్నా కుక్కర్ విజిల్ ఆయనకు వినబడటం లేదు. ఆ తర్వాత ఒక గిరాకీదారుకు ఆయన బిగించిన ట్వీటర్లు వారం తిరక్కుండానే కాలిపోయాయి. వాటికి పంపకూడని మోతను పంపాడు. మెల్లగా మోగుతున్నాయనుకుని ఇంకా పెంచాడు. అవి అప్పటికే చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. గిరాకీదారు షెడ్డు ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాడు. బావ తల దించుకుని కొత్తవి బిగించి పంపాడు.

వికారాబాద్‌లో చెవి డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. సన్న శబ్దాలు పోయాయని, అవి తిరిగి రావని, ఇకనైనా మోతకు దూరంగా ఉంటే మిగిలింది దక్కుతుందని ఆయన చెప్పాడు. బయటకు వచ్చి మెట్ల మీద కూర్చున్నాం. "చెవుల పొద్దుమాపు కీచురాళ్లు అరుస్తున్నయి బామ్మర్ది. ఇంకేం ఇననిస్తలేవు. మీ అక్కకు చెప్పకు" అన్నాడు. అక్కకు నాకంటే ముందే తెలుసని నేను చెప్పలేదు.

దుకాణం మూసేద్దామనుకున్నాడు. అక్క ఒప్పుకోలేదు. ఆయన మరలు తిప్పుతుంటే ఆమె పక్క సీట్లో కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. "చెవుల గుచ్చినట్టున్నది. ఇంకొంచెం. ఆఁ, ఇప్పుడు మెత్తగైంది." ఆయన స్పీకరు అట్ట మీద అరచెయ్యి పెట్టి మోత చూసుకునేవాడు, సన్న చప్పుడంతా ఆమె మాట మీదే. బజారులో నవ్వినవాళ్లున్నారు, పెండ్లాం చెవులతో దుకాణం నడుపుతున్నడని. ఆ మాట ఆయన దాకా వచ్చింది. "నా చెవులైతేంది, ఆమెవైతేంది. కారు మంచిగ పాడాలె" అన్నాడు. ఆ మాటలో రోషం లేదు. కానీ అప్పటినుంచి ఆయన నవ్వడం తగ్గింది. పెళ్లిళ్లకు వస్తే ఓ మూలన కూర్చునేవాడు. నలుగురిలో మాట అందక, అందినట్టు తలూపుతూ అలసిపోయేవాడు. చెవికి మిషను కొనిచ్చాం. షెడ్డులో అది గీపెడుతుందని తీసి జేబులో వేసుకునేవాడు.

ఆ రోజు ఊఫరు పెట్టె కోసం ప్లైవుడ్ కోయించుకు రావడానికి కట్టెల మిల్లుకు నడిచిపోయాడు. పక్కనే బండలు పాలిష్ చేసే యార్డు. గేటులోంచి ఖాళీ లారీ వెనక్కి వస్తోంది. వెనక్కి వచ్చే లారీకి సన్నగా కీ కీ మని మోగేది ఉంటుంది కదా, అది మోగుతూనే ఉంది. రోడ్డు అవతలి చాయ్ హోటల్లో ఉన్నవాళ్లందరూ విన్నారు. బావ లారీకి వీపు పెట్టి, ఫోనులో కొలతలు చూసుకుంటూ నిలబడ్డాడు.

ఆస్పత్రిలో ఆయన జేబులో ఉన్నవి నా చేతికిచ్చారు. చెవి మిషను ఉన్న డబ్బాకు సొట్ట కూడా పడలేదు.

లారీ డ్రైవరు ఆస్పత్రి గోడ పక్కన కూలబడి ఉన్నాడు. బావ అన్నదమ్ములు అతని మీదికి పోబోతే అక్క అడ్డం వచ్చింది. "రివర్స్ మోగిందా?" అని అడిగింది.

"మోగుతనే ఉన్నదమ్మా. నా పిల్లల మీద ఒట్టు. ఆయన పక్కకు ఎందుకు జరగలేదో నాకు తెలుస్తలేదు."

"ఆయనకు గా చప్పుడు ఇనవడదు" అంది అక్క. "గది నీకెట్ల ఎరుక." అప్పటిదాకా ఏడవని మనిషి అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

కర్మలు అయ్యాక షెడ్డు తెరిచాం. లోపల బషీరాబాద్ టాక్సీ ఆయన కారు ఒకటి సగం పనిలో ఉంది. ఆయన మొహమాటంగా వచ్చాడు. "ఎట్లున్నదట్ల ఇయ్యి అక్కా. వేరే తాన చేయించుకుంట."

"కూసో అన్నా" అంది అక్క. వైర్లు కలిపి ఉన్నాయి, క్రాసోవర్ సెట్ చేయలేదు, అంతే. ఆమె కారులో కూర్చుని తలుపు వేసుకుంది. మరను తిప్పుతూ, ఆగుతూ, మళ్లీ తిప్పుతూ చాలాసేపు ఉంది. అద్దంలోంచి ఆమె పెదవులు కదలడం కనిపించింది. ఎవరికి చెబుతోందో నేను అడగలేదు. దిగి, "రోడ్డు మీద ఒకపారి ఇను. గొంతు అణిగినట్టుంటే మళ్ల రా" అని తాళం ఇచ్చింది.

కారు కదిలింది. రైల్వే గేటు పడి ఉండటంతో కొద్ది దూరంలోనే ఆగింది. అద్దాలు దించి ఉన్నాయి. ఆడగొంతు ఒకటి, లారీల రొద మధ్య పలచగా వినిపిస్తోంది. గూడ్సు బండి పోయింది, గేటు లేచింది, కారు పట్టాలు దాటి వెళ్లిపోయింది. నాకు పాట వినబడటం ఆగిపోయింది. అక్క మాత్రం కొంగుతో చేతులు తుడుచుకోవడం ఆపి, తల కొద్దిగా వంచి, ఆ దిక్కుకే చెవి పెట్టి నిలబడి ఉంది.